ముగ్గులో లేని చుక్క

మన పెద్దలు మనుష్యునికి మూడు ఋణములు చెప్పిరి: దేవఋణము, పితృఋణము, ఋషిఋణము. మొదటి రెంటిని తీర్చుటకు మన యిండ్లలో వ్రతములును తద్దినములును తఱచుగనే జరుగుచుండును. మూడవదానిని తీర్చుటకు చదువే సాధనమని శాస్త్రము. చదువుకొన్నవాడు తన యెఱుక ఎవరివలన కలిగెనో చెప్పుటయు ఆ ఋణము తీర్చుటలో భాగమేయని మా తలంపు. ఒక గ్రంథకర్త తనకు ఆధారమైన పూర్వగ్రంథమును పేరుపెట్టి చెప్పుటను ఉల్లేఖన మందురు. ఈ ఉల్లేఖనములను కంప్యూటరుచేత లెక్కించి పటములుగా గీయించు సాధనములు నేడు అనేకములు కలవు. వానిని తెలుగువారికి నేర్పు ఒక చిన్న కరదీపికను వ్రాయబోయి మేము పడిన పాట్లను, అందువలన మాకు కలిగిన తెలివిని ఇచట విన్నవింతుము.

మా మేనకోడలు సీతంపేట ప్రాంతమున సవరపిల్లల చదువునుగూర్చి పరిశోధన చేయుచున్నది. ఆ ప్రాంతము మునుపు శ్రీకాకుళము జిల్లాలోనిది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. తన విషయముపై పూర్వులు చేసిన కృషిని పటముగా గీసి చూపవలెనని ఆమె చదువు కళాశాలవారు కోరిరట. ధనుర్మాసమున ఒక సాయంకాలము ఆమె విజయనగరములోని మా యింటికి వచ్చి, కంప్యూటరును ముందు పెట్టుకొని, "మావయ్యా, ఈ సాఫ్ట్‌వేరు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఇంగ్లీషు రాక కాదు గాని, చదివి చేస్తున్నా ఏం చేస్తున్నానో తెలియడం లేదు. మీరు తెలుగులో రాసి పెట్టండి" అనెను. గ్రంథాలయపట్టికల నడుమ చాలయేండ్లు బ్రతికిన వారము గనుక మేము వెంటనే యొప్పుకొంటిమి.

ఉల్లేఖనపట మనగా నేమో మొదట చెప్పవలెను. మన ఆడువారు వాకిట వేయు చుక్కలముగ్గును తలచుకొనుడు. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క గ్రంథమో వ్యాసమో యనుకొనుడు. వెనుకటి గ్రంథమును తరువాతి గ్రంథము పేర్కొన్నచో ఆ రెండు చుక్కలను కలుపుచు ఒక గీత గీయుడు. వేలకొలది గ్రంథములకు ఇట్లు గీసినచో ఒక పెద్ద ముగ్గు ఏర్పడును. ఒకే విషయమునకు చెందినవి ఒకచోట గుమిగూడును. ఎక్కువమంది పేర్కొన్నది పెద్దచుక్కయై కనబడును.

గీతలు గీయుటకు మఱి రెండు పద్ధతులు కలవు. రెండు వ్యాసములు ఒకే పూర్వగ్రంథమును పేర్కొన్నచో ఆ రెండును చుట్టము లనుట యొక పద్ధతి. దీనిని 1963లో కెస్లరు అను పండితుడు చూపెను. రెండు గ్రంథములను తరువాతివారు ఒకేచోట కలిపి పేర్కొన్నచో వానిని చుట్టము లనుట రెండవ పద్ధతి. దీనిని 1973లో అమెరికాలో హెన్రీ స్మాలును, అదే యేట రష్యాలో ఇరీనా మార్షకోవా యను విదుషీమణియు వేఱువేఱుగ కనిపెట్టిరి. మొదటిది ఒకే తాత పేరు చెప్పుకొను దాయాదుల బంధుత్వము. రెండవది పెండ్లిపిలుపుల పట్టికలలో ఎప్పుడును పక్కపక్కనే పేరులు పడువారి బంధుత్వము.

ఈ విద్యకు మూలము న్యాయస్థానములలో నున్నది. ఒక తీర్పును తరువాతి తీర్పు నిలిపెనో కొట్టివేసెనో తెలియక న్యాయవాది వాదింపజాలడు. అందుకొఱకు అమెరికాలో షెపర్డు అనునతడు 1873లో ఒక సూచికను ప్రారంభించెను. ఆ పద్ధతినే శాస్త్రవ్యాసములకు పట్టింపవచ్చునని యూజీన్ గార్‌ఫీల్డు 1955లో ప్రతిపాదించి, 1964 నుండి శాస్త్రోల్లేఖనసూచికను క్రమముగా వెలువరింపసాగెను. ఆ మరుసటియేడు డెరెక్ ప్రైసు శాస్త్రవ్యాసము లన్నియు ఒక వలవలె అల్లుకొనియున్నవని చూపెను. నాడు చేతితో గీసిన వలను నేడు కంప్యూటరు క్షణములో అల్లుచున్నది. స్లొవేనియాదేశపు పండితులు చేసిన సాధనమునకు పాజెక్ అని పేరు. వారి భాషలో ఆ మాటకు సాలెపురుగని యర్థము. అమెరికాలో చావొమెయ్ చెన్ సైట్‌స్పేసును, ఫ్రాన్సులో కొందఱు విద్యార్థులు గెఫీని, 2010లో హాలెండుదేశపు లైడెన్ విశ్వవిద్యాలయమున వాన్ ఎక్, వాల్ట్‌మన్ అనువారు వీఓఎస్‌వ్యూయరును, 2017లో ఇటలీ పండితులు అరియా, కుక్కురుల్లో బిబ్లియోమెట్రిక్సును లోకమున కిచ్చిరి. వీనిలో పెక్కింటికి రుసుము లేదు.

ఒక్కమాట మఱువరాదు. ఈ సాధనములు గ్రంథములను చదువవు. ఏదో యొక సూచిక తమకు అందించిన పట్టికను బట్టి గీయును, అంతే. ఆ సూచికలును శాశ్వతములు కావు. మైక్రోసాఫ్టు సంస్థ నడపిన సూచిక 2021 చివర మూతపడెను. దాని స్థానమున ఓపెన్‌అలెక్స్ అను ఉచితసూచిక 2022 జనవరిలో వెలువడెను. ప్రాచీనమైన అలెగ్జాండ్రియా గ్రంథాలయము పేరే దానికి పెట్టిరి. కావున కరదీపికలో ప్రతిపుట క్రిందను, ఏ సాధనము, ఎన్నవ కూర్పు, ఏ తేదీన పరీక్షించితిమి అను మూడు సంగతులు వ్రాయవలెనని మేము మొదటనే నియమము పెట్టుకొంటిమి.

కరదీపికను మొదట మేము మాకు అలవాటైన గ్రాంథికముననే వ్రాసితిమి. "దత్తాంశమును సాధనమున ప్రవేశపెట్టి, తదనంతరము విశ్లేషణరీతిని నిర్ణయింపవలెను" అని యొక వాక్యము. మా మేనకోడలు చదివి నవ్వి, "ఇదేటి మావయ్యా! ముగ్గు గురించి నోటితో చెప్పినట్టే రాయకూడదా?" అనెను. మాకు సిగ్గు కలిగెను. మేము గ్రాంథికాభిమానులమే, ఈ వ్యాసమే సాక్ష్యము. కాని వ్యావహారికభాషోద్యమమునకు సారథియైన గిడుగు రామమూర్తిపంతులుగారు 1863లో జన్మించిన పర్వతాలపేట శ్రీకాకుళము సమీపముననే కలదు. ఆయనయు గురజాడ అప్పారావుగారును బాల్యమున కలిసి చదువుకొన్నది మా విజయనగరముననే. చేతిపని నేర్పు పుస్తకము వాడువాని నోటిమాటలో ఉండవలెనని ఈ గడ్డమీద ఇంకొకరు మాకు చెప్పవలసివచ్చుట వింతయే. వ్రాసినది పక్కన పెట్టి మరల మొదలుపెట్టితిమి.

రెండవ నియమమును మా గృహిణి నేర్పెను. వ్రాసినవాడు తన వ్రాతను తానే పరీక్షింపరాదు. వానికి అన్నియు తెలిసినట్లే యుండును. ఈ సాధనములను ఎన్నడు నెఱుగని ఆమె కరదీపికను ఒడిలో పెట్టుకొని కంప్యూటరు ముందు కూర్చుండెను. మేము పెదవి కదపరాదని కట్టడి. మూడవ అడుగుననే ఆమె ఆగి, "ఫైలు తెరవమన్నారు. ఏ ఫైలు? ఎక్కడిది?" అనెను. దానిని సూచికనుండి ముందుగా దింపుకొనవలెనన్న మాట మేము వ్రాయనే లేదు. ఆమె ఎచట ఆగునో అచట తప్పు మా వాక్యమునది గాని ఆమెది కాదని పదునాలుగుమారులు ఒప్పుకొనవలసివచ్చెను. వంట నేర్పువారు 'తగినంత ఉప్పు' అని వ్రాసి తప్పించుకొన్నట్లు మేమును చాలచోట్ల తప్పించుకొంటిమి.

ఉదాహరణమునకు మా మేనకోడలి విషయమునే తీసికొంటిమి. సవరలు, సవరభాష, సవరపిల్లల చదువు అను మాటలతో ఒక సూచికను వెదకి, దొరికిన పట్టికను సాధనమున కిచ్చితిమి. క్షణములో పటము వచ్చెను. ఎఱుపు, పచ్చ, నీలము వన్నెలతో కన్నులపండువుగ నుండెను. ఇటీవలి వ్యాసములు అందు నిండి యుండెను. మా మేనకోడలు సంతోషించి, తన పరిశోధనగ్రంథమునందు, ఈ విషయమున ఇటీవలి దశాబ్దములకు ముందు చెప్పుకోదగిన కృషి జరుగలేదని పటమువలన తెలియుచున్నదని ఒక వాక్యము వ్రాసికొనెను. మేమును తల యూపితిమి. వెనుక నిలిచి చూచుచున్న మా గృహిణి మాత్రము, "మన గిడుగువారు ఏరీ ఇందులో?" అనెను.

మేమిద్దఱము ఒకరి మొగము ఒకరము చూచుకొంటిమి. రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్నకాలమున సవరల భాషపై మక్కువ కలిగి, ఆ భాష వచ్చినవారిని ఇంటనే యుంచుకొని నేర్చుకొనిరి. సవరపిల్లలకు వాచకములు వ్రాసిరి. సొంతసొమ్ముతో వారికి బడులు నడపిరి. ప్రభుత్వము బహుమానముగ ధన మీయబోగా, దానితో సవరలకే ఒక బడి పెట్టుడని కోరిరని చెప్పుదురు. ఆయన ఆంగ్లమున రచించిన సవరభాషా వ్యాకరణమును 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసెను. అదే దశాబ్దమున నిఘంటువులును వెలువడినవి. అట్టి వ్యక్తి పుట్టిన ప్రాంతమున, ఆయన చదివిన ఊరిలో కూర్చుండి, సవరపిల్లల చదువుకొఱకు పూర్వు లేమియు చేయలేదని వ్రాయుటకు మేము సిద్ధపడితిమి. ఆ వాక్యము అచ్చుపడినచో రేపు మఱియొకరు దానిని ప్రమాణముగ పేర్కొందురు. అబద్ధమునకును ఒక చుక్క యేర్పడి, దానికిని గీతలు మొలచును.

ఆయన పటమున లేకపోవుటకు కారణములు వెదకితిమి. నాలుగు దొరికినవి, ఇవి ఆయన యొక్కరికే కాదు, మన పెద్దల కందఱికిని తగులును.

మొదటిది: 2000 సంవత్సరము మొదలు వ్యాసములకు శాశ్వతమైన గుర్తింపుసంఖ్య లిచ్చు ఏర్పాటు జరిగినది. సూచికలు ఆ సంఖ్యలను పట్టుకొని నడచును. 1931 నాటి ప్రభుత్వముద్రణాలయపు పుస్తకమునకు సాధారణముగ అట్టి సంఖ్య యుండదు.

రెండవది: పేరు. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. యంత్రము కడపటిమాటనే ఇంటిపేరనుకొనును. రామమూర్తి యను పేరును ఇంగ్లీషున నలుగురు నాలుగు విధముల వ్రాయుదురు. ఒకచోట గిడుగు, ఒకచోట జి.వి., ఒకచోట రామ, మూర్తి అని రెండు ముక్కలు. యంత్రము వీరందఱిని వేఱువేఱు మనుష్యులుగ లెక్కించును. ఇందుకు విరుద్ధమైన చిక్కు రావులది, కె. రావు అనునది ఎందఱి పేరో, పటమున అందఱును ఒక్కచుక్కయై కూర్చుందురు.

మూడవది: కనీససంఖ్య. ఇన్నిమారులకు తక్కువ పేర్కొనబడిన గ్రంథమును చూపవలదని సాధనమున ఒక కట్టుబాటు కలదు. ముక్కలైన పేరులలో ఏదియు ఆ గడప దాటలేదు.

నాలుగవది: మనది. తెలుగు గ్రంథములను ఈ సూచికలు మిక్కిలి తక్కువగా ఎఱుగును. ఎఱిగినను, చివర ఆధారగ్రంథముల పట్టిక లేని పుస్తకమునుండి ఏ యంత్రమును గీత గీయజాలదు.

కారణములు తెలిసినపిదప చికిత్స కష్టము కాలేదు. వీఓఎస్‌వ్యూయరునందు పర్యాయపదముల ఫైలని యొకటి ఇచ్చుకొను వీలు కలదు. ఎడమవరుసలో తప్పురూపము, కుడివరుసలో దానికి బదులు ఉంచవలసిన రూపము వ్రాసిన చాలును. ముక్కలైన మనిషి మరల ఒక్కడగును. కాని సూచికయందు లేని గ్రంథములను చేతితోనే చేర్పవలెను. అందుకొఱకు మేము సవరభాషను గూర్చిన గ్రంథముల ఆధారపట్టికలను ఒక్కొక్కటిగ తిరుగవేసితిమి. 1959లో జర్మనుపండితుడు పిన్నోవ్ ఖరియా అను ముండాభాష ధ్వనులపై వ్రాసిన గ్రంథము, 1967లో స్టానిలీ స్టరోస్టా అమెరికాలో సవరవాక్యనిర్మాణముపై సమర్పించిన సిద్ధాంతవ్యాసము, 2008లో ఆండర్సన్ సంపాదకత్వమున వెలువడిన ముండాభాషల గ్రంథమునందలి సవరాధ్యాయము, వీనియన్నిట మన పంతులుగారి పేరున్నది. దూరదేశపు పండితులు తాము పడిన ఋణమును మఱువక చెప్పిరి. ఒక్కొక్క పేరు వ్రాసికొనుకొలది పటమున ఆ చుక్కకు గీతలు చేరెను. ఇటీవలి వ్యాసముల గుంపులు రెండు, అంతవఱకు ఒకదానికొకటి సంబంధము లేక యుండినవి, ఆ చుక్క ద్వారమున కలిసికొనెను.

అయినను ఆ రాత్రి మాకు పూర్తిగ తృప్తి కలుగలేదు. పంతులుగారికి సవరభాష నేర్పినవారు ఎవరు? వారింట కూర్చుండి మాటమాటకు అర్థము చెప్పినవారు, పాటలు పాడినవారు, కథలు చెప్పినవారు ఏ పుస్తకమును వ్రాయలేదు. వ్రాయనివారికి ఈ ముగ్గులో చోటులేదు. ఏ ఫైలుతోను, ఏ కట్టుబాటు సడలించియు వారిని ఇందులోనికి తేజాలము. ఋషిఋణమున మొదటివాటా వారిదే. ఈ మాటను మేనకోడలితో అనగా, సీతంపేట కొండలలో తనకు మాటలు చెప్పుచున్న అవ్వల పేరులను, వారి యనుమతి తీసికొని, తన గ్రంథపు మొదటిపుటలోనే వ్రాసెద ననెను. సాధనము నేర్పని పాఠము అది.

ఇక మన యింటి తప్పును గూర్చి రెండుమాటలు చెప్పక విడువరాదు. ఆధారము చెప్పుట పాశ్చాత్యుల ఆచారమని కొందఱు అనుకొందురు. అది నిజము కాదు. మెదకుసీమ మూలముగల కొలచల మల్లినాథసూరి, మూలము లేనిది ఏదియు వ్రాయనని ప్రతిన పూనినవాడు. ప్రతి పదమునకును ఏ నిఘంటువు చెప్పెనో పేర్కొనుట వ్యాఖ్యాతల నిత్యవ్రతము. మన లాక్షణికులును సంకలనకర్తలును కవులపేరులు చెప్పి పద్యముల నుదాహరించుటవలననే, గ్రంథములు నశించినను ఆ కవులు పేరులతో మిగిలిరి. అట్లు మిగిలిన పద్యములను ఏరి వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రబంధరత్నావళిని ప్రకటించిరి. ఉల్లేఖన మొక్కటియే కొందఱు కవులకు ఆయువు పోసెనన్నమాట. ఇట్టి సంప్రదాయము గలవారము, నేడు వ్యాసము వ్రాసి, ఎక్కడినుండి తెచ్చితిమో చెప్పుటకు నామోషీ పడుచున్నాము. 'పెద్దలు చెప్పిరి' అందుము. ఏ పెద్దలో చెప్పము. ఈ వ్యాసారంభమున మేమును అట్లే అంటిమి.

ఈ దోషమునకు మందు మన ప్రాంతముననే యున్నది. కాళీపట్నం రామారావుగారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. కథ ఎవరిది, ఏ పత్రికలో, ఏ నెలలో వచ్చెను అను వివరములతో తెలుగుకథలను అచట పోగుచేసిరి. ఆయన 2021లో పరమపదించిరి; ఆ పట్టికలు నిలిచియున్నవి. ఇట్టి పట్టిక ఉన్నచోటనే రేపు ఏ యంత్రమైనను గీత గీయగలదు. పత్రిక పేరు, నెల, సంవత్సరము, పుట: ఈ నాలుగును వ్రాసి పెట్టుటకు కంప్యూటరు అక్కఱలేదు. ఇంట పెద్దవారు దాచిన పాత పత్రికలు గలవారు ఎవరైనను చేయదగిన పని ఇది.

చుక్క పెద్దదైన కొలది గ్రంథము గొప్పదనుకొనుటయు పొరపాటే. ఖండించుటకు పేర్కొన్నను గీత గీతయే. లైడెన్ పేరుతో 2015లో కొందఱు పండితులు, విద్వాంసుని పనిని అంకెలతో మాత్రమే తూచవలదని పదిసూత్రముల హెచ్చరిక ప్రకటించిరి. అందు చేవ్రాలు చేసినవారిలో వీఓఎస్‌వ్యూయరు నిర్మాతయైన వాల్ట్‌మన్ ఒకరు. కత్తి చేసినవాడే దాని యొరపై జాగ్రత్త యని వ్రాసినట్లున్నది. ఆ నిజాయితీ మాకు నచ్చెను.

కరదీపిక ఇప్పుడు నలువది పుటలు. మొదట వ్రాసినప్పుడు లేని అధ్యాయము ఒకటి దానికి చేరినది. 'ఈ సాధనానికి కనపడనివి' అని దాని పేరు. దానిని చివర పెట్టుదమని మేమంటిమి. చివరిదాక చదువువారెవరని మా గృహిణి యడిగెను. కావున అదే మొదటి అధ్యాయమైనది. అందు ప్రశ్న లొకటి తరువాత నొకటిగ నున్నవి: ఏ భాషల గ్రంథములు ఈ సూచికలో ఉన్నవి? ఏ యేటినుండి? మీకు తెలిసిన పెద్దలను ముగ్గురిని తలచుకొనుడు. వారు పటమున కనబడుచున్నారా? కనబడనిచో, పటమును నమ్ముటకు ముందు కారణము వెదకుడు.

మేనకోడలు తన వాక్యమును కొట్టివేసి, తాను వెదకిన సూచికలో ఇటీవలి దశాబ్దములకు ముందటి కృషి నమోదు కాలేదనియు, గిడుగువారి కృషిని వేఱుగ చేతితో చేర్చితిననియు వ్రాసికొన్నది. వాక్యము పొడవైనది గాని నిజమైనది. కరదీపికలో ఇంకను లోపములు ఉండకపోవు. దానిని ముందు పెట్టుకొని కూర్చుండి, ఎచట ఆగిపోయిరో మాకు తెలిపినవారి పేరులను తరువాతి కూర్పున తప్పక పేర్కొందుము.